ఫిరంగుల ఆటకు ముందు నలభై రోజులు

నాకు ఎదురుచూడటం చేతకాదు. ఇడ్లీ కుక్కర్ మూత మధ్యలో రెండుసార్లు తీసి చూసే రకాన్ని. అమీర్‌పేట స్టేషన్లో రైలు రెండు నిమిషాల్లో వస్తుందని బోర్డు మీద కనబడుతున్నా ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి వస్తాను. అలాంటివాణ్ణి ఒక కంప్యూటర్ ఆట కోసం మూడేళ్లు ఎదురుచూశాను. నలభై మూడేళ్ల వయసులో, బేగంపేటలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఉద్యోగం చేసుకుంటూ! నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మా ఆవిడ మూడేళ్లూ నవ్వుతూనే ఉంది.

తుపాకీ పట్టుకుని పరిగెత్తుతూ కనబడినవాణ్ణల్లా కాల్చేసే ఆట కాదది. ముందు ప్రపంచపటం తెరుచుకుంటుంది. అందులో ఒక రాజ్యాన్ని ఎంచుకోవాలి. తుపాకీమందు అప్పుడప్పుడే అన్ని దేశాలకూ చేరుతున్న కాలం. నిన్నటిదాకా ఎవరికీ లొంగని కోటగోడలు ఫిరంగి దెబ్బకి కూలిపోతుంటాయి. ఆ మందుకి కావలసిన సురేకారం ఎక్కడ దొరుకుతుంది, గంధకం ఏ రేవు నుంచి తెప్పించుకోవాలి, ఫిరంగుల్ని లాగే ఎద్దులకి మేత ఎవరు చూస్తారు, వానాకాలంలో మందు తడవకుండా ఎక్కడ దాచాలి, ఇవన్నీ మనమే చూసుకోవాలి. ఒక రాజ్యాన్ని మొదట్నుంచి చివరిదాకా నడపాలంటే రోజులకి రోజులు పడతాయి. ఇంత తలనొప్పి ఆఫీసులో లేదా అని మా ఆవిడ అడుగుతుంది. ఉంది. కాకపోతే అక్కడ కోటలుండవు.

ఆ కంపెనీవాళ్లే అంతకుముందు చేసిన పాత ఆటని నేనూ మా అమ్మాయీ కలిసి ఆడేవాళ్లం. తను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మొదలైంది ఆ సరదా. పంజాగుట్టలో మా ఫ్లాట్ ముందుగదిలో కంప్యూటర్ ఉంటుంది. నేను కుర్చీలో, తను పక్కన స్టీలు స్టూలు మీద. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని కూర్చుంటే చీకటి పడేవరకు లేచేవాళ్లం కాదు. ఎన్ని దేశాలు జయించాం! ఎన్ని కోటలు పడగొట్టాం! స్కూల్లో సోషల్ టీచరు ఏదో యుద్ధం గురించి చెబుతుంటే మా అమ్మాయి లేచి, "ఆ కోటకి నీళ్లు ఎటునుంచి వస్తాయి మేడమ్?" అని అడిగిందట. ఆ సంగతి ఆఫీసులో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు.

కొత్త ఆట వస్తుందని తెలిసిన రోజు ఇద్దరం ఇంట్లో చిందులేశాం. ప్రచారానికి విడుదల చేసిన చిన్న వీడియోలో రెండు క్షణాలపాటు గోల్కొండ కనబడింది. అది గోల్కొండేనా కాదా అని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి ఎన్నిసార్లు చూశామో! "బురుజు చూడు డాడీ, మనం ఎక్కిందే!" అని అరిచింది తను. ఆ తర్వాత మూడేళ్లు మాకు అదే పని. తయారుచేసేవాళ్లు ప్రతి బుధవారం ఏదో ఒకటి రాసేవాళ్లు. ఈ వారం ఓడల గురించి, వచ్చే వారం పన్నుల గురించి. నేను మెట్రోలో నిలబడి చదివేవాణ్ణి. తను స్కూల్ నుంచి వచ్చీరాగానే చదివేది. రాత్రి అన్నం దగ్గర ఇద్దరికీ గొడవ. ఈ ఏడాది వస్తుందన్నారు, రాలేదు. దీపావళికన్నారు, అదీ లేదు. వాయిదా పడ్డ ప్రతిసారీ నేను వాళ్లని తిట్టినట్టు మా ఆఫీసులో ప్రీమియం డబ్బులు ఎగ్గొట్టే ఏజెంట్లని కూడా తిట్టలేదు.

ఈలోగా మా అమ్మాయి పదో తరగతికొచ్చింది. పరీక్షలవగానే ఊరి చివర ఒక జూనియర్ కాలేజీ హాస్టల్లో చేరాలని తనే తేల్చుకుంది. రెండేళ్లు అక్కడే. ఫోన్ ఉండకూడదు, లాప్‌టాప్ ఉండకూడదు, ఆదివారం వార్డెన్ ఫోన్లోంచి పది నిమిషాలు మాట్లాడొచ్చు. ఇంటర్లో చేరకముందే చెప్పే పాఠాలు ఈస్టర్ మర్నాడు సోమవారం నుంచి మొదలు. సరిగ్గా అప్పుడే ఆటవాళ్లు తేదీ ప్రకటించారు. ఈస్టర్‌కి ముందు మంగళవారం! వేళ్లమీద లెక్కపెట్టాను. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు రోజులు. పరీక్షలు అంతకు పది రోజుల ముందే అయిపోతాయి. సెలవు పెడితే సరి, మా అమ్మాయి వెళ్లిపోయేలోపు ఒక్క రాజ్యమైనా మొదట్నుంచి చివరిదాకా కలిసి నడపొచ్చు. అది తప్ప నాకింకేమీ అక్కర్లేదనిపించింది. ఆ తేదీ మళ్లీ జరపకుండా చూడమని దేవుణ్ణి అడిగాను కూడా, సిగ్గులేకుండా.

ఇక్కడే నా నోటి తీట మొత్తం పాడుచేసింది.

నేను గుంటూరు దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘంలో పెరిగాను. మా దగ్గర శ్రమకాలం పాటించే అలవాటు లేదు. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై ఉపవాస దినాల సంగతి పెళ్లయ్యాకే తెలిసింది, అదీ పైపైన. మా ఆవిడ వాళ్ల చర్చిలో మాత్రం చాలా పట్టింపు. బూడిద బుధవారం నుంచి మొదలుపెట్టి సాయంత్రాలు ఇంటింటికీ తిరుగుతూ ప్రార్థన కూడికలు పెడతారు. మొదటి రోజు కూడిక ఈసారి మా ఇంట్లోనే. పాటయ్యాక ఒక్కొక్కరూ లేచి ఈ నలభై రోజులూ ఏం మానేస్తున్నారో చెప్పారు. ఒకాయన మాంసం అన్నాడు, ఒకావిడ టీవీ సీరియళ్లంది. మా ఆవిడ కాఫీ అంది. కాఫీ లేకపోతే ఆవిడకి తెల్లారదు. అందరూ ఆహా అన్నారు. నా వంతు వచ్చింది. పెళ్లాం అంత గొప్పది వదిలేస్తే నేను కాకరకాయ వదిలేస్తానంటానా? "కంప్యూటర్ ఆటలు," అన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా! పదో తరగతి పరీక్షలు గుర్తొచ్చాయి. "నేనూ, మా అమ్మాయీ. ఇద్దరం," అన్నాను.

గది మూల కూర్చున్న మా అమ్మాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అందరూ వెళ్లాక వచ్చి నిలబడింది. "నన్నెందుకు కలిపావ్?"

"పరీక్షలు కదమ్మా. ఎలాగూ ఆడవుగా."

"ఆడకపోవడం వేరు. నువ్వు నా బదులు చెప్పడం వేరు." వెళ్లి తలుపేసుకుంది.

నేను పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే లెక్క ముందే చూసుకున్నాను. బూడిద బుధవారం నుంచి నలభై రోజులు ఫోన్లో లెక్కపెడితే సరిగ్గా ఈస్టర్‌కి వారం ముందు వచ్చే మట్టల ఆదివారంతో అయిపోతాయి. ఆట వచ్చేది ఆ తర్వాతి మంగళవారం. దేవుడికీ నష్టం లేదు, నాకూ లేదు. ఇంత బాగా కుదిరిందేమిటా అని నాలో నేనే మురిసిపోయాను.

ఆ నలభై రోజులూ నేను మనిషిలా లేను. ఆడటం మానతానన్నాను గానీ చూడటం మానతానన్లేదు కదా అని, ఆట గురించి వచ్చిన ప్రతి వీడియో చూశాను. క్లెయిము ఫైలు ముందు పెట్టుకుని ఏ రాజ్యం తీసుకోవాలో కాగితం మీద రాసుకునేవాణ్ణి. గోల్కొండే. మొదటి ఇరవై ఏళ్లలో తూర్పు తీరం మొత్తం, తర్వాత దక్షిణం. మధ్యాహ్నం టీకి వెళ్లినవాణ్ణి కప్పు అక్కడే వదిలేసి వచ్చేవాణ్ణి. ఎస్.ఆర్. నగర్లో దిగాల్సిన పని ఉంటే అమీర్‌పేటలోనే దిగిపోయి, కోచింగ్ సెంటర్ల కాగితాలు పంచేవాళ్లు చేతిలో పెట్టినవన్నీ పట్టుకుని మిగతా దూరం నడిచేవాణ్ణి. కూర్చుంటే ఊపిరాడేది కాదు. మా అమ్మాయి మాత్రం పుస్తకం ముందు పెట్టుకుని కదలకుండా కూర్చునేది. ఒక్కరోజు కూడా కంప్యూటర్ వైపు పోలేదు. పరీక్షలయ్యాక కూడా పోలేదు. "పాతది ఒకసారి చూస్తావా, నేను అటు తిరుగుతాలే," అని నేనే ఒకరోజు మెల్లగా అన్నాను. "మాటిచ్చావుగా, ఇద్దరి తరఫునా," అంది తల ఎత్తకుండా.

మట్టల ఆదివారం వచ్చింది. చేతిలో ఈతమట్ట, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, గుండెలో మంగళవారం. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర సంఘపెద్ద ఒకావిడ కనబడింది. నర్సుగా చేసి రిటైరయింది, ఉండేది బోరబండలో. ఆవిడ్ని అందరం ఆంటీ అంటాం. మా ఇంట్లో కూడిక నడిపింది కూడా ఆవిడే. గొప్ప కోసం చెప్పాను. "ఈ రోజుతో మా నలభై అయిపోయాయి ఆంటీ. ఒక్కరోజు తప్పలేదు."

ఆవిడ ఆగింది. "గట్లెట్ల అయిపోతయి బిడ్డా? ఆదివారాలు సుత లెక్కవెట్టినవా ఏంది?"

"పెట్టకూడదా?"

"ఆదివారం ప్రభువు లేచిన దినమాయె. ఆ దినం ఉపాసం ఎట్లుంటది? ఆదివారాలు తీసేసి నలభై. శనివారం దాక నడుస్తది. ఇన్నేండ్ల సంది చర్చికొస్తున్నవ్, గిది తెల్వదా?"

నా చేతిలో మట్ట కిందపడింది. శనివారం దాకానా! మంగళవారం పోయింది, బుధ, గురు, శుక్ర, అన్నీ పోయాయి. ఒక్క ఆదివారం మిగిలింది, మర్నాడు పొద్దున్నే హాస్టల్. నేను ఆ లెక్కలోనే ఉన్నాను. మా అమ్మాయి ఇంకో లెక్క వేసుకుంది.

"అంటే ఆంటీ, ఆదివారాలు మేం ఆడుకోవచ్చా?"

"ఆడుకోవచ్చు. ఎవలొద్దన్నరు?"

తను నావైపు తిరిగింది. "అయిదు ఆదివారాలు డాడీ." అయిదు వేళ్లూ నా ముందు చాపింది. "అయిదు ఆదివారాలు నువ్వు అక్కడ, నేను ఇక్కడ గోడకేసి చూస్తూ కూర్చున్నాం."

పాత ఆట ఇంట్లోనే ఉంది, కుర్చీ ఉంది, స్టూలుంది. తను ఇంట్లో ఉండే ఆదివారాలు ఎన్ని మిగిలాయో తెలిసి కూడా, రాబోయే ఆట మీద ధ్యాసతో వాటిని నా చేతులతో నేనే అవతల పారేశాను. చర్చి మెట్ల మీద అంతమందిలో నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆంటీ ఇద్దర్నీ చూసి విషయమేమిటని అడిగింది. మా అమ్మాయి దాచకుండా చెప్పింది. "నేను మానతానని అన్లేదు ఆంటీ. డాడీయే నా పేరు కూడా కలిపి చెప్పేశారు."

"పిల్ల నోరు తెర్వందే మాట ఎట్లయితది?" అని ఆవిడ నా మీద గయ్యిమంది. "నీ నోటితోని చెప్పినవ్, నువ్వు నిలవెట్టుకో. పిల్ల మీద లేదు. నువ్వు ఆడుకో బిడ్డా, ఫికర్ చెయ్యకు. గీయన మాత్రం శనివారం దాక చెయ్యి వెట్టొద్దు."

ఇంటికొస్తుంటే మా ఆవిడ ఆటోలో ఒకటే నవ్వు. "ఇంకెవరైనా అయితే దేవుడు ఏమనుకోడులే అని గుట్టుగా ఆడేసుకుంటారు. మీరు అందరి ముందూ లేచి ప్రకటించారుగా, అనుభవించండి!" ఆడేద్దామని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. కానీ తనది కాని మాటని మా అమ్మాయి అన్ని రోజులు నిలబెట్టింది. నా సొంత మాటని ఆరు రోజులు నిలబెట్టుకోలేకపోతే ఆ పిల్ల మొహం ఎలా చూడను?

మంగళవారం సాయంత్రం ఆట వచ్చింది. దించుకోవడానికి గంటలు పట్టింది. ఎంత దిగిందో చూపించే గీత తెర మీద మెల్లగా కుడివైపుకి జరుగుతుంటే వంటింట్లోకీ ముందుగదిలోకీ ఎన్నిసార్లు తిరిగానో. బుధవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ మా అమ్మాయికి చెప్పాల్సినవన్నీ చెప్పాను. "గోల్కొండ తీసుకో. ముందు సైన్యం పెంచు. నేనొచ్చేదాకా ఎవరితోనూ యుద్ధం పెట్టుకోకు."

"సరే డాడీ."

పదకొండింటికి ఫోన్ చేశాను. "మొదలుపెట్టావా?" "ఆఁ." పన్నెండున్నరకి చేశాను. "ఎంతదాకా వచ్చింది?" "డాడీ, రాయబారులొచ్చారు, తర్వాత చెయ్యి," అని పెట్టేసింది. రాయబారులట! మూడింటికి చేస్తే ఎత్తనేలేదు. ఆ రోజు నేను చూసిన క్లెయిములన్నీ మర్నాడు మళ్లీ చూడాల్సొచ్చింది.

సాయంత్రం పరుగున ఇంటికొచ్చి చూస్తే తను నా కుర్చీలో ఉంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. చేతులు పొరపాటున ముందుకు పోతాయేమోనని తొడల కింద పెట్టుకున్నాను. పటంలో గోల్కొండ జెండా వెతికాను. అది వేరే ఎవరిదో. మా అమ్మాయిది దక్షిణాన, పేరు కూడా వినని ఒక పాలెగాడి సంస్థానం. రెండు కోటలు, ఒక ఏరు.

"ఇదేంటమ్మా? గోల్కొండ కదా అనుకున్నాం!"

"నువ్వనుకున్నావ్. గోల్కొండకి మొదట్నుంచే అన్నీ ఉంటాయి. ఇంక చెయ్యడానికేముంది?"

చుట్టూ పెద్ద రాజ్యాలు. ఈవిడ ఎవరి మీదా దండెత్తలేదు. ఊళ్లలో సురేకారం తయారుచేయించి ఇటు పక్కరాజుకీ అటు పక్కరాజుకీ అమ్ముతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నువ్వమ్మిన మందుతోనే నిన్ను కాల్చేస్తారే!"

"నన్ను కాలిస్తే వాళ్లకి మందెవరిస్తారు?" అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. నిజంగానే ఎవరూ రాలేదు. ఆటలో నలభై ఏళ్లు గడిచినా రాలేదు. రెండు కోటలు అయిదయ్యాయి, ఒక్క ఫిరంగి పేలకుండా.

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"మూడేళ్ల నుంచీ నీకు చెబుతూనే ఉన్నాను డాడీ. అమ్ముదాం, ఒప్పందం చేసుకుందాం అని. నువ్వు విన్నావా? ముట్టడి, ముట్టడి అంటావ్. మౌస్ నీ చేతిలో ఉండేది."

కోపంగా అన్లేదు. మామూలుగానే అంది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. కలిసి ఆడామని నేను ఊరంతా చెప్పుకున్న ఆటలన్నీ నేనాడినవి, తను చూసినవి. స్టూలు మీద కూర్చుంటే తెర ఒక పక్కకి వాలినట్టు కనబడుతుందని, రంగులు సరిగా తెలియవని ఆ రోజే నాకు తెలిసింది. కాసేపాగి ఇంకో సలహా ఇచ్చాను. "డాడీ, కొంచెంసేపు మాట్లాడకు," అంది.

గురువారం, శనివారం కూడా అంతే. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటలు చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ప్రసంగాలు వింటూ, మా అమ్మాయి రేవు కట్టడానికి చోటు సరిగ్గా ఎంచుకుందా లేదా అని ఆలోచించాను. దేవుడు నన్ను క్షమించాలి. పక్కన తను కళ్లు మూసుకుని శ్రద్ధగా వింటోంది.

ఈస్టర్ రోజు తెల్లవారుజామునే ఆరాధనకి వెళ్లొచ్చి, బిర్యానీ తిన్నాక తను కుర్చీలోంచి లేచింది. "రా, కూర్చో. నీ నలభై అయిపోయాయిగా."

కూర్చున్నాను. ఎన్నాళ్లుగా ఎదురుచూసిన క్షణం! చెయ్యి పెట్టగానే పాత బుద్ధి లేచింది. ఉత్తరపు సరిహద్దులో పక్కరాజు కోట ఒకటి కాపలా లేకుండా కనబడింది. జాగ్రత్త కోసమే అనుకుని ఫిరంగుల్ని అటు జరిపాను. తను వెనక చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికే పక్కరాజు ఒప్పందం తెంచేశాడు. అది చూసి రెండోవాడూ తెంచేశాడు. తను నలభై ఏళ్లు కాపాడుకున్నది పది నిమిషాల్లో మూడు వైపుల నుంచీ తగలబడింది.

"లే డాడీ," అంది నవ్వుతూ. నేను కూర్చోకముందు తను దాచిపెట్టిన ఆటని మళ్లీ తెరిచింది. కోటలన్నీ యథాప్రకారం లేచి నిలబడ్డాయి. నేను స్టూలు మీదికి జరిగాను. ఆ సాయంత్రమంతా తను ఆడింది, నేను చూశాను. నిజం చెప్పాలంటే, అంత ఆనందంగా నేనెప్పుడూ ఏ ఆటా ఆడలేదు. ఆరింటికి లేచి బట్టలు సర్దుకోవడానికి వెళ్లిపోయింది. రాజ్యం ఇంకా సగంలోనే ఉంది.

సోమవారం పొద్దున హాస్టల్ గేటు దగ్గర వరుసలో నిలబడ్డాం. మా ఆవిడ సంతకాలు పెట్టడానికి లోపలికి వెళ్లింది. వాచ్‌మన్ పెట్టె తెరిచి చూసి మూసేశాడు. మా అమ్మాయి బకెట్ చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"డాడీ, నా రాజ్యం ముట్టుకోకు. నీకు కావాలంటే కొత్తది మొదలుపెట్టుకో."

"సరేనమ్మా."

"నిజంగా. నువ్వు ముట్టుకోకపోతే అక్కడ ఒక్క రోజు కూడా గడవదు. నేనొచ్చేసరికి అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి."

"ఇక్కడ గడుస్తాయి కదమ్మా," అన్నాను.

"తెలుసు," అంది. అని బకెట్ కింద పెట్టేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వెనక వాళ్లకి దారివ్వమని వాచ్‌మన్ రెండుసార్లు చెప్పాక గానీ మేం పక్కకి జరగలేదు.